నలభై నాలుగు దగ్గర రెండు శిఖరాలు

అక్టోబర్ 4, శుక్రవారం

ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకోవాలి. ఎవరు ఏ రోజు ఏమన్నారో తేదీతో సహా నా దగ్గర ఉండాలి. నా సంగతి నాకు తెలుసు. డాక్టర్ లిండ్‌హోమ్ రెండు మంచి మాటలు చెబితే చాలు, జరిగింది జరగలేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

జరిగింది ఇది. పొద్దున కాఫీ తాగుతూ, అచ్చుకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే కొత్త పరిశోధన పత్రాల జాబితా తెరిచాను. రోజూ చూసేదే. నాలుగోది మా ల్యాబ్‌ది. సూర్యుడు పుట్టకముందే పేలిపోయిన నక్షత్రం నుంచి వచ్చిన ఇసుక రేణువు గురించి. మొదటి పేరు బ్రెండన్‌ది. రెండో పేరు డాక్టర్‌ది. మూడో పేరు లేదు. చివర్లో, అక్షరాలు చిన్నవైపోయే చోట, "నమూనా సిద్ధం చేయడంలో సాయపడిన వై. ఒలివాస్‌కు కృతజ్ఞతలు" అని ఉంది.

వై. ఒలివాస్ అంటే నేను. యెసేనియా.

ఆ రేణువు దాగిన ఉల్క ముక్కను ఆమ్లాల్లో నాలుగు నెలలు కరిగించింది నేను. అడుగున మిగిలిన మడ్డిని బంగారు రేకు మీద పరిచి, రెండు వేల రేణువులను ఒక్కొక్కటే చూసింది నేను. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే 217 నంబరు రేణువును పట్టుకుంది నేను. అలాంటిది ఎవరికి దొరికితే వాళ్ళే దానికి పేరు పెట్టాలని మా ల్యాబ్‌లో ఆనవాయితీ. తలుపు వెనక తెల్ల బోర్డు మీద ఐదు పేర్లు ఉండేవి. ఆరోది నేను రాశాను. చాయో. మా అమ్మ ముద్దుపేరు.

పత్రంలో చాయో లేదు. 217 ఉంది.

అక్టోబర్ 5

ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. పాత ఫైలు వెళ్ళిపోయి ఉంటుంది.

అక్టోబర్ 7, సోమవారం

డాక్టర్ గదికి వెళ్ళాను. ల్యాబ్‌లో అందరూ ఆవిడను గ్రెటా అని పిలుస్తారు, నిన్న చేరినవాళ్ళు కూడా. మూడేళ్ళయినా నాకు నోరు రాదు.

"కూర్చో యెసీ. తిన్నావా?"

"తిన్నాను."

"తినలేదు. నీ మొహం చెబుతోంది." సొరుగులోంచి వేరుశనగ పట్టీ తీసి నా ముందు పెట్టింది. "ముందు ఇది తిను."

"పత్రం చూశాను డాక్టర్."

"చూస్తావని తెలుసు. నేనే ముందు చెప్పాల్సింది. మీ నాన్న ఆపరేషన్ చూసుకుని అప్పుడే ఊరి నుంచి వచ్చావు. ఇంకో బరువు పెట్టబుద్ధి కాలేదు. చూడు, బ్రెండన్‌కి జనవరిలో ఉద్యోగం ఇంటర్వ్యూలు. ఒక్క పెద్ద పత్రం చేతిలో లేకపోతే వాడి మొహం ఎవరూ చూడరు. నీకింకా రెండేళ్ళుంది."

"మూడో పేరుగా కూడా లేను కదా."

"ఉంటే నీ థీసిస్ కమిటీ ఏమంటుందో తెలుసా? ఇది ఆల్రెడీ బయటికొచ్చేసిందిగా, దీన్ని థీసిస్‌లో మళ్ళీ ఎందుకు పెట్టావు అంటుంది. అందుకే నిన్ను కృతజ్ఞతల్లో పెట్టాను. నీ అధ్యాయాన్ని కాపాడాను యెసీ. ఇప్పుడు నీకు కోపంగా ఉంటుంది. తర్వాత అర్థమవుతుంది."

థాంక్యూ అన్నాను. మాటవరసకు కాదు. నిజంగానే అన్నాను. పట్టీ కూడా తిన్నాను.

అక్టోబర్ 8

కాపాడింది సరే. ఎవరి నుంచి?

అక్టోబర్ 10, గురువారం

నా అధ్యాయం ఎలాగూ నాదే కాబట్టి మిగతా కొలతలు మొదలుపెడదామని బంగారు రేకును మైక్రోస్కోప్ కింద పెట్టాను. 216 ఉంది. 218 ఉంది. మధ్యలో గుంట ఉంది.

మా మెషీన్ దేన్ని కొలిస్తే దాన్ని గీకేస్తుంది. అయాన్ల ధార పడిన చోట అణువులు లేచిపోతాయి, లేచినవాటిని లెక్కపెడతాం. కొలవడమంటే కొంత పోగొట్టుకోవడమే. అందుకే సగం రేణువును ఎప్పుడూ మిగల్చాలి. ఇది గోడ మీద రాసిన నియమం కాదు, కానీ మొదటి రోజే చెబుతారు. నాకు చెప్పింది డాక్టరే.

మెషీన్ వాడకం పట్టికలో ఉంది: ఆగస్టు 12 నుంచి 16 వరకు, బ్రెండన్, రేణువు 217, మెగ్నీషియం, నలభై ఒక్క గంటలు. ఆ వారం నేను మా ఊరు యూమాలో ఆసుపత్రి వరండాలో కూర్చుని నాన్న లేచి నడవడం కోసం చూస్తున్నాను.

సూర్యుడి కంటే పాతది. భూమి ఏర్పడగా మిగిలిపోయిన రాయిలో దాక్కుని, నాలుగున్నర వందల కోట్ల ఏళ్ళు ఏమీ కాకుండా వచ్చింది. నలభై ఒక్క గంటల్లో అయిపోయింది.

అక్టోబర్ 13, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. పాలకూర పొలాల్లో మొక్కలు పలచన చేసే పని మొదలైంది, నడుము పట్టేసిందట.

"మిహా, నా తల్లీ, మీ కాలేజీ పేపర్లో వచ్చిన నీ ఫోటో ఉంది చూడు, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. టోర్టిల్లా డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్తున్నా. ఫోర్‌మన్‌కి చూపించాను."

"ఎందుకమా?"

"ఎందుకేంటి, నా పేరున్న రాయి. ఇదిగో చదవండి, దీని పేరు చాయో, నా పేరూ చాయో అన్నాను. ఎంత ఉంటుందన్నాడు. వెంట్రుక కూడా దీని ముందు ఏనుగే అన్నాను. 'నిన్ను చూసి పెట్టిన పేరు కాదులే' అన్నాడు వెధవ."

నవ్వాను. నాలుగో తేదీ తర్వాత మొదటిసారి.

"ఇంకోసారి చెప్పు, ఆ నక్షత్రం సంగతి. పెద్దమ్మ అడిగితే సగంలో మర్చిపోయాను."

చెప్పాను. పెద్ద నక్షత్రం తన లోపల వేడికి చిన్న అణువులను కలిపి పెద్దవి వండుకుంటూ పోతుందని, ఇనుము దాకా వచ్చాక ఇక మంట పుట్టదని, అప్పుడు కూలి పేలిపోతుందని. పేలినప్పుడు మాత్రమే ఒక రకం టైటానియం బాగా తయారవుతుందని. అది నిలవదు, అరవై ఏళ్ళకు సగం చొప్పున కాల్షియంగా మారిపోతుంది. ఆ కాల్షియం బరువు నలభై నాలుగు. ఒక రేణువులో నలభై నాలుగు మామూలు కంటే చాలా ఎక్కువ ఉంటే, అది పేలుడు పొగలో గట్టిపడిందన్నమాట.

"కాల్షియమంటే ఎముకల్లోదేగా? మీ నాన్నకి డాక్టరు రాసిందీ అదేగా?"

"అదే."

"మరి చచ్చిన నక్షత్రాన్ని మాత్రలు చేసి అమ్ముతున్నారన్నమాట." ఆ వెంటనే, "చాయో ఎలా ఉంది?" అంది, పెంపుడు పిల్లి గురించి అడిగినట్టు.

బాగానే ఉందన్నాను.

అక్టోబర్ 16, బుధవారం

ఇన్నాళ్ళూ పేర్లున్న మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే చూశాను. ఇవాళ పత్రం మొత్తం చదివాను. రెండో పట్టికలో చేయి ఆగిపోయింది.

నలభై నాలుగు బరువు కాల్షియం: మామూలు కంటే తొమ్మిది రెట్లు.

అది మే నెల అంకె. నా అంకె. లాగ్ పుస్తకం దాటి బయటికి రాకూడని అంకె.

మేం మొదట వెతికేటప్పుడు మెషీన్‌లో, లేచిన అణువులు దూరే సందును వెడల్పుగా పెడతాం. అణువులు ఎక్కువ వస్తాయి, పని త్వరగా అవుతుంది. కానీ వెడల్పు సందులో నలభై నాలుగు తూగేవన్నీ కలిసే వస్తాయి. మా రేణువుల్లో ఉండేది సిలికాన్. దాని బరువు ఇరవై ఎనిమిది. పైన పట్టిన ఆక్సిజన్ పదహారు. రెండూ అంటుకుని ఎగిరితే నలభై నాలుగు. కాల్షియం కాని ఆ జంట కూడా కాల్షియం లెక్కలోనే పడుతుంది. అందుకే ఏదైనా దొరికాక సందు సన్నగా చేసి మళ్ళీ చూస్తాం. అప్పుడు రెండూ విడిపోతాయి. తెర మీద ఒక్కటిగా కనిపించిన శిఖరం రెండవుతుంది. మొదటి ఏడాది వాళ్ళందరూ ఒక్కసారైనా ఈ ఒంటి శిఖరాన్ని చూసి ఎగిరి గంతేస్తారు. అదో సరదా మా దగ్గర.

నేను జూన్ 20న సన్న సందుతో అరగంట చూశాను. రెండు శిఖరాలు వచ్చాయి. పెద్దది సిలికాన్ జంట. కాల్షియంది పక్కన చిన్న దిబ్బ. తొమ్మిది రెట్లు కాదు, ఒకటిన్నర. అదీ ఉందో లేదో గట్టిగా చెప్పలేనంత.

బ్రెండన్ చూసుకోకుండా పాత అంకె వేశాడు. నా రేణువును గీకి పారేసి, దాని మీద తప్పు అంకె వేశాడు. సంతోషం కలిగింది. అన్నీ రాయాలనుకున్నాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను.

జూన్‌లో నేను డాక్టర్‌కు చెప్పాను. చెప్పాను కదా.

అక్టోబర్ 18, శుక్రవారం

బ్రెండన్ బల్ల దగ్గర బురీటో తింటున్నాడు. నన్ను చూసి కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు వస్తావని రెండు వారాల నుంచి హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చావు."

"నలభై నాలుగు ఎక్కడి నుంచి తీశావు?"

"తిట్టడం అయ్యాక అడుగుతావనుకున్నా."

"ఎక్కడి నుంచి?"

"గ్రెటా ఇచ్చిన కాగితం నుంచి. నువ్వే కొలిచావటగా."

"మేలో. వెడల్పు సందుతో. సన్న సందుతో నువ్వెందుకు చూడలేదు?"

"నువ్వు చూశావని చెప్పింది. తొమ్మిదే నిలబడిందంది." నా మొహం చూసి ఆగాడు. "యెసీ, నిలబడలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఒట్టు, నాకు అలాగే చెప్పింది. రేణువు మొత్తం వాడేయమంది కూడా తనే. నీకు దాంతో పని అయిపోయిందని. నేను రెండుసార్లు అడిగాను, సగం ఉంచుదామా అని."

"నన్ను అడగలేకపోయావా? ఫోనుందిగా నీకు."

"ఆసుపత్రిలో ఉన్నావు." తర్వాత చాలా నెమ్మదిగా, "అడిగితే నువ్వు వద్దంటావని తెలుసు" అన్నాడు.

ఈ మాట అన్నందుకు అతని మీద సగం కోపం పోయింది. ఆ సగం ఎటు వెళ్ళాలో దానికి తెలియడం లేదు.

లాగ్ పుస్తకం కింది అంతస్తులో ఉంటుంది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

అక్టోబర్ 21, సోమవారం

చూశాను. జూన్ 20 పేజీ. అడుగున పెన్సిల్‌తో నా రాత: "217, సన్న సందు, 30 ని., 44 దగ్గర రెండు శిఖరాలు. మే కొలత చెల్లదు. మళ్ళీ చేయాలి." దాని కింద జూన్ 21 తేదీ, ఆకుపచ్చ సిరాతో జి.ఎల్.

డాక్టర్ ప్రతి శుక్రవారం ఆ వారం పేజీలన్నిటి మీద సంతకం పెడుతుంది.

అక్టోబర్ 22

చదవకుండా పెట్టి ఉంటుంది. వారానికి నలభై పేజీలు. ఎవరు చదువుతారు?

అక్టోబర్ 24, గురువారం

మళ్ళీ వెళ్ళి చూశాను. "మే కొలత చెల్లదు" కింద గీత ఉంది. ఆకుపచ్చది.

అక్టోబర్ 27, ఆదివారం

జూన్‌లో డాక్టర్‌కు చెప్పానని పదహారో తేదీన రాశాను. చెప్పలేదు.

జూన్ 20న సాయంత్రం ఆవిడ కారు దగ్గర కనిపించింది. "చాయో ఏమంటోంది?" అని అడిగింది. ఇంకా చూస్తున్నానన్నాను. కాలేజీ పేపర్లో నా ఫోటో పడి అప్పటికి వారం. అమ్మ దాన్ని చర్చిలో పంచింది. ఫాదర్ ప్రార్థన అయ్యాక నా పేరు చదివాడట. మా ఇంట్లో హైస్కూలు దాటింది నేనొక్కదాన్నే, దాటిన చోట ఏం దొరికిందో వాళ్ళకు చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ తొమ్మిదే. అందుకే పేజీ అడుగున, పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో రాశాను. రాశాను కాబట్టి దాచలేదని అనుకున్నాను. ఎవరూ చదవకూడదని కూడా అనుకున్నాను.

ఆవిడ చదివింది. చదివి, నేను నోరు తెరవనని కనిపెట్టింది. నాలో ఆవిడకు నచ్చింది అదేనేమో. నా చదువు కాదేమో.

ఇది అన్యాయమైన మాట. కొట్టేయను.

అక్టోబర్ 30, బుధవారం

అమ్మకు చెప్పాను. గుంట, తప్పు అంకె, ఆకుపచ్చ గీత, నా పెన్సిల్ రాత, అన్నీ. అమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"అయితే అది పేలిన నక్షత్రంది కాదంటావా?"

"అయి ఉండచ్చు. కాకపోవచ్చు. ఇక ఎప్పటికీ తెలియదు అమా. రేణువు లేదు."

"ఊఁ."

"ఫోర్‌మన్‌కి ఏం చెబుతావు?"

"వాడికెందుకు చెప్పాలి? వాడు నా మొగుడా?" తర్వాత గొంతు తగ్గించింది. "మిహా, పలచన చేసేటప్పుడు ఒక్కోసారి గొడ్డలిపార జారి ఉంచాల్సిన మొక్క తెగిపోతుంది. తెగిందాన్ని మళ్ళీ మట్టిలో గుచ్చి నిలబెట్టేవాళ్ళున్నారు. ఫోర్‌మన్ వచ్చి చూసేసరికి వరస నిండుగా ఉంటుంది. సాయంత్రం దాకా పచ్చగానే ఉంటుంది."

"నువ్వు చేశావా ఎప్పుడైనా?"

"చేశాను. నువ్వు కడుపులో ఉన్నప్పుడు, వంగలేక చాలా తెగ్గొట్టాను. ఆ రోజు ఇరవై మొక్కలు నిలబెట్టుంటాను. మర్నాడు ఎండకి అన్నీ పడిపోయాయి. నా పక్క వరస అమ్మాయిని పనిలోంచి తీసేశారు, ఆ తప్పు నాదనుకోలేదు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను. తల వంచుకుని పని చేసుకున్నాను. ఆ అమ్మాయి పేరు ఓఫెలియా." అంతే చెప్పింది. నాన్న మందుల టైమైందని పెట్టేసింది.

నవంబర్ 6, బుధవారం

డాక్టర్‌తో మాట్లాడాను. లాగ్ పేజీ ఫోటో చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూసింది, ఎవరో కొత్తవాళ్ళ రాత చూసినట్టు.

"అరగంట కొలత యెసీ. వచ్చిన అణువులెన్ని? దాని మీద నేను దేన్నీ కొట్టేయను, దేన్నీ నిలబెట్టను."

"మరి గీత ఎందుకు గీశారు?"

"నీతో మాట్లాడదామని. నువ్వు రాలేదు. కారు దగ్గర నేనే అడిగాను కూడా, గుర్తుందా? ఇంకా చూస్తున్నానన్నావు."

గుర్తుంది. అయితే అది జూన్ 20. ఆవిడ పేజీ చదివింది 21న. నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ తేడా తట్టలేదు. బస్సులో తట్టింది.

"సన్న సందుతో తొమ్మిదే నిలబడిందని బ్రెండన్‌కి ఎందుకు చెప్పారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "డిసెంబర్లో నీ కమిటీ ఉంది. అక్కడ నలుగురిలో నీ పక్కన ఉండేది నేనొక్కదాన్నే. ఆ సంగతి మర్చిపోకు. శుక్రవారం మా ఇంటికి భోజనానికి రా. ఈ గదిలో ఇలాంటివి మాట్లాడుకోలేం."

థాంక్యూ అనబోయాను. నోటి దాకా వచ్చింది.

నవంబర్ 8

వెళ్ళలేదు.

నవంబర్ 12, మంగళవారం

బోర్డు మీద ఆరో పేరు నేనే తుడిచాను. ఐదుగురి రేణువులూ సన్న సందు దాటినవే. చాయో దాటలేదు. మార్కర్ సిరా ఎండిపోయి ఉంది, నీళ్ళు పెట్టి రుద్దాల్సి వచ్చింది.

బ్రెండన్ గుమ్మంలో నిలబడి చూశాడు. కాసేపయ్యాక వచ్చి, "జర్నల్‌కు రాస్తే నేనూ సంతకం పెడతాను" అన్నాడు.

"ఇవాళ రాద్దామా?"

"జనవరి తర్వాత."

జనవరిలో అతని ఇంటర్వ్యూలు. పత్రం అచ్చుకు వెళ్ళేది డిసెంబర్ మొదట్లో.

"హెల్మెట్ తీసేయ్ బ్రెండన్. నిన్ను ఎవరూ కొట్టరు" అన్నాను.

నవంబర్ 14, గురువారం

పొద్దున తొమ్మిదింటికి డాక్టర్ టపా పెట్టెలో వేసిన ఉత్తరానికి ఇది నకలు. నాలుగుసార్లు రాశాను. మొదటి మూడింటిలో మూడేళ్ళుగా ఆవిడ నాకు చేసిన మేళ్ళతో ఒక పేరా ఉంది. అవన్నీ నిజాలే. నాలుగోసారి ఆ పేరా తీసేశాను.

డాక్టర్ లిండ్‌హోమ్ గారికి,

మీ పత్రం రెండో పట్టికలో రేణువు 217కి ఇచ్చిన కాల్షియం-44 అంకె మే నెలలో నేను వెడల్పు సందుతో తీసింది. జూన్ 20న సన్న సందుతో చూసినప్పుడు అది నిలబడలేదు. ఆ సంగతి లాగ్‌లో రాశాను కానీ నోటితో మీకు చెప్పలేదు. అది నా తప్పు, జర్నల్‌కు రాసినా అలాగే రాస్తాను. ఆ పేజీ మీద మర్నాడు మీరు సంతకం పెట్టారు. నిలబడిందని బ్రెండన్‌కు చెప్పారు.

ఆగస్టులో నన్ను అడగకుండా రేణువు మొత్తం వాడేశారు కాబట్టి మళ్ళీ కొలవడం కుదరదు. అది పేలిన నక్షత్రం నుంచి వచ్చిందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియదని పత్రంలో రాయాలి. ఆ అంకె తీసేయాలి. నా పేరు ఎక్కడా పెట్టమని నేను అడగడం లేదు. కృతజ్ఞతల్లోంచి కూడా తీసేయవచ్చు.

ఈ రేణువు మీద రాసిన అధ్యాయాన్ని నా థీసిస్ నుంచి తీసేస్తున్నాను. డిసెంబర్‌లో కమిటీ ముందుకు రాలేను. వాయిదా కోసం ఇవాళే ఆఫీసులో కాగితం ఇచ్చాను. ఎందుకని అడిగితే ఉన్నది చెబుతాను.

అంకె తీసేస్తున్నట్టు మీరు జర్నల్‌కు రాసి, దాని నకలు నాకు ఇవ్వండి. లేకపోతే లాగ్ పేజీ జతచేసి నేనే రాస్తాను. నన్ను గదికి పిలవకండి, ఇంటికి పిలవకండి. మీరు ఎదురుగా ఉంటే నేను మీ మాటే వింటాను. నవంబర్ 22, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోగా జవాబు ఇవ్వండి. కాగితం మీద ఇవ్వండి.

యెసేనియా ఒలివాస్